అక్కని దాటనివ్వని వంతెన

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ముందునుంచీ ఒళ్ళు మంట. బాపట్లలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. స్టాఫ్ రూములో ఎవరైనా "మా మేనమామకి ఒకసారి ఏమైందంటే" అని గొంతు తగ్గించారంటే టీ గ్లాసు పట్టుకుని బయటికి పోయే మనిషిని. ఇంట్లో ప్రార్థన ఉంది, ఆదివారం చర్చికి, మా మాటలో గుడికి, వెళ్ళడం ఉంది. అంతకుమించి తాయెత్తులూ దిష్టి నిమ్మకాయలూ మా గడప తొక్కలేదు. అలాంటివాణ్ణి కూర్చుని ఇది రాయాల్సి రావడమే నాకు చిరాగ్గా ఉంది.

రాయకపోతే ఇంకా చిరాకు. రేపల్లె వైపు ఈ సంగతి ఇప్పటికే ఒక్కొక్కరి నోట ఒక్కోలా తిరుగుతోంది. వంతెన మీద తెల్లచీర ఆవిడ నిలబడిందట, శవపెట్టెలోంచి ఏడుపు వినిపించిందట. అంతా అబద్ధం. ఎవరూ కనపడలేదు, ఏదీ వినపడలేదు. పట్టపగలు, పాతికమంది ముందు జరిగింది. జరిగినంత వరకే చెబుతాను.

ఊరి పేరు మార్చి కొంగలంక అంటాను. రేపల్లెకి దిగువన, కృష్ణ సముద్రంలో కలవబోయే చోట పాయలు చీలి కొన్ని లంకలున్నాయి. వాటిలో ఒకటి. లంకకీ ఒడ్డుకీ మధ్య ఒక పాయ, దాని మీద ఒక తిరుగుడు వంతెన.

తిరుగుడు వంతెన చూడనివాళ్ళకి రెండు ముక్కలు. పాయ మధ్యలో గుండ్రటి రాతి దిమ్మ ఉంటుంది. దాని మీద ఇనప వంతెన కూర్చుని ఉంటుంది. వేటకి వెళ్ళే పడవలు వచ్చినప్పుడు నలుగురు మనుషులు వంతెన నడుమ ఉన్న పెద్ద ఇనప కడ్డీని పట్టుకుని చుట్టూ తోస్తారు. వంతెన మొత్తం తిరిగి పాయ పొడుగునా పడుకుంటుంది. పడవలు అటూ ఇటూ పోతాయి. అయ్యాక వెనక్కి తోస్తే మళ్ళీ రెండు ఒడ్లనీ కలుపుతుంది. ఈ రోజుల్లో కూడా చేత్తో తిప్పడమేంటని అడక్కండి. కొత్త వంతెనకి వేసిన స్తంభాలు ఆ పక్కనే బురదలో ఏళ్ళ తరబడి నిలబడి ఉన్నాయి, వాటి మీద కొంగలు వాలుతున్నాయి.

ఇక మా అక్క. పేరు దయామణి. మా అమ్మ పోయేటప్పటికి నాకు ఊహ కూడా తెలియదు. నన్ను పెంచింది అక్కే. కొంగలంకలో బడిపంతులుగా ఉన్న మా బావకిచ్చి పెళ్ళి చేస్తే, కాపురానికి వెళుతూ నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళింది. అత్తవారు మూతి ముడుచుకున్నా లెక్కచేయలేదు.

తొలి కాన్పుకి ఆమెకి నొప్పులు అడ్డం తిరిగాయి. బండి మీద పడుకోబెట్టి రేపల్లె ఆసుపత్రికి తీసుకెళదామని వంతెన దాకా వచ్చారు. అప్పుడే సముద్రం పోటు ఎక్కుతోంది, పడవలు వరసగా లోపలికి వస్తున్నాయి, వంతెన తెరిచి ఉంది. పోటు ఉన్నంతసేపూ పడవలే ముందు. అది అక్కడి కట్టుబాటు, పైగా సగం పడవల వాళ్ళు మా బావ తండ్రికి కావలసినవాళ్ళు. పడవలన్నీ పోనివ్వండి అని ఆయనే అన్నారట. బావ నోరెత్తలేదు. వంతెన కలిసేసరికి బిడ్డ పోయింది. నన్ను ఇంట్లోనే ఉంచేశారు కాబట్టి ఇదంతా నేను తర్వాత విన్నదే.

అక్క ఆసుపత్రి నుంచి మళ్ళీ లంకకి రాలేదు. నన్ను పిలిపించుకుని తెనాలి వెళ్ళిపోయింది. అక్కడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరి, ఆ పని మీదే నన్ను చదివించింది. అలాగని బావతో తెగతెంపులూ చేసుకోలేదు. ఆయన ప్రతి శనివారం రేపల్లె బండిలో తెనాలి వచ్చేవాడు. అక్క వండి పెట్టేది, చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చేది, ఆదివారం ఇద్దరూ కలిసి గుడికి వెళ్ళేవాళ్ళు. సాయంత్రం ఆయన వెళ్ళిపోయేవాడు. చివరిదాకా అంతే. ఎందుకిలా అని ఆమెని అడిగినవాళ్ళకి జవాబు దొరకలేదు.

అక్కతో వచ్చిన చిక్కే అది. కోపమొస్తే మాటలుండవు. నా ఇంటర్ అయ్యాక చదువు మానేసి చీరాలలో బట్టల కొట్లో చేరతానని సంచీ సర్దుకున్నాను. అక్క తిట్టలేదు, బతిమాలలేదు. గుమ్మం బయటికి వెళ్ళి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. నేను లోపలినుంచి తోశాను, తన్నాను, ఏడ్చాను. కదల్లేదు. బండి వెళ్ళిపోయింది, నా కోపం చల్లారింది, డిగ్రీలో చేరదామని నాకే అనిపించింది. అప్పుడు తలుపు వదిలి "ఇప్పుడెళ్ళు" అంది. నేను మనసు మార్చుకున్నాకే ఆవిడ తలుపు వదిలేది. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు ఇదే జరిగింది.

బావ పోవడానికి ఏడాది ముందు, తెనాలి స్టేషన్లో బండి కోసం నిలబడి ఉండగా నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ అక్క బతికుండగా ఎలాగూ రాదు. ఆ తర్వాతైనా నా పక్కకి తీసుకురా, బామ్మర్దీ" అన్నాడు. తెస్తానని మాటిచ్చాను. ఆయన అప్పటికే లంకలోని సమాధుల తోటలో ఇద్దరికి సరిపడా ఇటుకలతో సమాధి కట్టించుకున్నాడు. రాయి మీద తన పేరు, పక్కన అక్క పేరు చెక్కించాడు. తేదీలకి మాత్రం చోటు వదిలాడు. అక్కకి ఈ సంగతి తెలుసు. ఏమీ అనలేదు.

ఆయన్ని మట్టి చేసిన రోజు అక్క వంతెన దాకా వచ్చింది. వంతెన కలిసే ఉంది, దాటితే ఐదు నిమిషాల దారి. ఇవతలి ఒడ్డునే గొడుగు వేసుకుని నిలబడింది. అవతల గుడి గంట ఆగాక "పద" అంది. మళ్ళీ తెనాలి వచ్చేశాం.

కిందటి ఏడు వానలు తగ్గే రోజుల్లో అక్క నిద్రలోనే పోయింది. ఎక్కడ మట్టి చేయాలో చెప్పలేదు. ఎప్పుడు ఏమి చెప్పింది గనక! నాకు బావకిచ్చిన మాట ఉంది. పైగా బిడ్డ కూడా ఆ లంక సమాధుల తోటలోనే ఉందని నా నమ్మకం. మొగుడూ బిడ్డా ఉన్న చోటికి ఆమెని చేరుస్తున్నానని అనుకున్నాను. ఇందులో తప్పేముందో ఎవరైనా చెప్పండి.

మర్నాడు పొద్దున్నే పెట్టె వ్యాన్లో పెట్టుకుని తెనాలి నుంచి బయల్దేరాం. వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె, అక్కణ్ణుంచి కరకట్ట. నేనూ, మా ఆవిడా, తెనాలి నుంచి వచ్చిన పాస్టరు అయ్యగారూ, హాస్టల్లో పనిచేసినవాళ్ళూ, ఇంకొందరు చుట్టాలూ. అవతల బావ తమ్ముడు ప్రభుదాసు సమాధి బండ తీయించి మా కోసం కాచుకుని ఉన్నాడు.

మేము చేరేసరికి వంతెన తెరిచి ఉంది. చివరి పడవ దాటిపోయింది. వంతెన తిప్పేవాళ్ళ పెద్ద ఏడుకొండలు అని, నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మమ్మల్ని చూసి, దిమ్మ మీద నుంచే చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"ఎవర్ని తెచ్చారండీ? ఎక్కడికండీ?"

ఇది కొంగలంక కట్టుబాటు. ఎప్పుడో కలరా గత్తర రోజుల్లో బయటి శవాలు లంకలోకి రాకుండా పెట్టుకున్నారట. శవం వస్తే వంతెన వాళ్ళు అడగాలి, దగ్గరివాళ్ళు పేరు చెప్పి "ఇంటికి" అనాలి. అది వినపడితేనే వంతెన కలుపుతారు. నాకు ఇలాంటివంటే విసుగు. అయినా సరే, గొంతు పెంచి చెప్పాను.

"మా దయామణి అక్కని. ఇంటికి."

నలుగురూ కడ్డీ పట్టారు. వంతెన కదిలింది. ముప్పాతిక వంతు తిరిగింది. ఆగిపోయింది.

రెండు కొసలూ నీళ్ళ మీద వేలాడుతున్నాయి. ఒడ్డుకీ కొసకీ మధ్య ఒక వ్యాను పట్టేంత ఖాళీ. ఏడుకొండలు వెనక్కి తిప్పించాడు. ఏ అడ్డూ లేకుండా తిరిగింది. మళ్ళీ ముందుకి తోయించాడు. సరిగ్గా అదే చోట ఆగింది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. తెరవడానికి ఏ ఇబ్బందీ లేదు. కలపడానికే రాదు.

మొదట నేను చిరాకుపడింది ఏడుకొండలు మీద. గ్రీజు పెట్టరు, తుప్పు గీకరు, కట్టుబాట్లకి మాత్రం తక్కువ లేదు అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. పొద్దున్న ఆరు పడవలకి తిప్పాం సార్, నీళ్ళు తాగినంత తేలిగ్గా తిరిగింది అన్నాడు. అది నిజమేనని ఒడ్డున వలలు ఆరేసుకుంటున్నవాళ్ళు కూడా చెప్పారు.

ఎండకి ఇనుము సాగితే తిరుగుడు వంతెనలు పట్టేస్తాయి. ఇది నేను పిల్లలకి చెప్పే పాఠమే. కానీ ఆ రోజు మబ్బు. ముందు రాత్రి వాన పడి చల్లగా ఉంది. అయినా నా తృప్తి కోసం బిందెలతో నీళ్ళు పోయించాను. లాభం లేదు. రేపల్లె నుంచి మెకానిక్‌ని పిలిపించాం. అతను దోనె మీద వెళ్ళి, దిమ్మ కిందకి దూరి, పళ్ళచక్రం అంతా బ్యాటరీ లైటు వేసి చూశాడు. రాయి లేదు, కర్ర లేదు, పన్ను విరగలేదు. గాలి కూడా లేదు. పోటుపాట్ల మధ్య నీళ్ళు నిలకడగా ఉన్నాయి.

పడవ మీద దాటిద్దామంటే పడవల వాళ్ళు ఒప్పుకోలేదు. దండం పెట్టి మరీ చెప్పారు. శవాన్ని ఎక్కించిన పడవతో మళ్ళీ వేటకి వెళ్ళలేమండీ, ఏమీ అనుకోకండి అన్నారు. ఏమనుకోను? వాళ్ళ బతుకు దాని మీదే. దోనె చూస్తే ఇద్దరు మనుషులకే ఊగిపోతోంది.

ఇంకోవైపు ఫోన్లు. ప్రభుదాసు అవతలి ఒడ్డునుంచి చెయ్యి ఊపుతూ అదే పనిగా ఫోను చేస్తాడు. ఏమైందీ అంటాడు. కనపడుతూనే ఉంది కదా ఏమైందో! అయ్యగారికి సాయంత్రం తెనాలిలో ఇంకో ఆరాధన ఉంది, పాపం పైకి అనలేక వాచీ చూసుకుంటున్నారు. వ్యాను డ్రైవరు ఆకలంటున్నాడు. చుట్టాల్లో ప్రతివాడూ ఇంజనీరే. ఒకడు ట్రాక్టరుతో లాగమంటాడు, ఒకడు ప్రార్థన చేయమంటాడు. ప్రార్థన కూడా చేశాం. తాడు కట్టి ట్రాక్టరుతో లాగించాం కూడా. తాడు తెగింది.

ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. దోనె ఎక్కి దిమ్మ మీదకి వెళ్ళి, వాళ్ళతో పాటు నేనూ కడ్డీ పట్టుకున్నాను.

ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా రాస్తున్నాను. ఇనుముకి ఇనుము అడ్డుపడితే ఠక్కున ఆగుతుంది, చేతులు జివ్వుమంటాయి. అది అలా ఆగలేదు. మెత్తగా ఆగింది. మేము గట్టిగా తోస్తే కొంచెం వెనక్కి తగ్గి, మళ్ళీ అంతే తోసింది. మేము సడలిస్తే అదీ సడలించింది. అవతలినుంచి ఎవరో వీపు ఆనించి నిలబడ్డ తలుపుని తోస్తున్నట్టే ఉంది.

ఆ తాకిడి నా చేతులకి తెలుసు. పదిహేడేళ్ళ వయసులో సంచీ భుజాన వేసుకుని తోసిన తలుపు అది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే అబద్ధమవుతుంది.

అప్పుడు నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండిపోయింది. జీవితమంతా ఒక్క మాట చెప్పకుండా గడిపి, ఇప్పుడు ఇంతమందిని నిలబెట్టి, ఇలాగా చెప్పడం? కడ్డీ వదిలేసి ఒడ్డుకొచ్చేశాను. వ్యాను తిప్పమన్నాను. రేపల్లె గుడి వాళ్ళని అడిగి అక్కడే మట్టి చేద్దాం అన్నాను. డ్రైవరు బండి వెనక్కీ ముందుకీ ఆడించి కరకట్ట మీద తిప్పుతున్నాడు. ఏడుకొండలుకి సంగతి తెలియక దిమ్మ మీద నుంచి మళ్ళీ అరిచాడు.

"ఎక్కడికండీ?"

కోపంలో నేనూ అరిచాను.

"ఆవిడ ఎక్కడికంటే అక్కడికి!"

వంతెన కదిలింది.

కడ్డీ దగ్గర ఎవరూ లేరు. నలుగురూ కింద కూర్చుని బీడీలు వెలిగించుకుంటున్నారు. వంతెన దానంతటది నెమ్మదిగా తిరిగి, రెండు ఒడ్లకీ ఆనుకుంది. ఏడుకొండలు లేచి నిలబడి, కడ్డీ వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా చూశారు. అయ్యగారు చూశారు. ఇది నేనొక్కణ్ణే చెబుతున్న మాట కాదు.

ఒక్కసారిగా అందరూ నామీద పడ్డారు. కలిసింది కదా, తిప్పు బండి, దేవుడు దారి ఇచ్చాడు, ఇంకా ఆలోచన దేనికి అని. అవతలి నుంచి ప్రభుదాసు మనుషులు వంతెన మీదకి నడిచి వచ్చేస్తున్నారు. సమాధి తెరిచి ఉంది. రాయి మీద పేరు ఉంది. బావకి నేనిచ్చిన మాట ఉంది. ఐదు నిమిషాల దారి.

నాకు మాత్రం తలుపు వదిలిన అక్కే కనపడింది. "ఇప్పుడెళ్ళు" అన్నాక నేను ఏనాడూ వెళ్ళలేదు.

"వద్దు. రేపల్లె పోనీ" అన్నాను డ్రైవరుతో.

ప్రభుదాసు దగ్గరికొచ్చి అడిగాడు. "అన్నకి ఏం సమాధానం చెప్తావు, బావా?" అతను వెనుదిరిగి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ మా ఇంటికి రాడు. అతని కోపంలో న్యాయం లేదని నేను అనను.

రేపల్లె గుడి వాళ్ళు మొదట తటపటాయించారు. ఆవిడ మా సంఘం కాదు కదా, చోటు తక్కువ అన్నారు. మా అయ్యగారు మాట్లాడి ఒప్పించారు. సమాధుల తోట చూసుకునే పెద్దాయన్ని పిలిచి ఎక్కడ వీలుందో చూడమన్నారు. ఆయన వ్యాను దగ్గరికొచ్చి, పెట్టెకి ఉన్న అద్దంలోంచి అక్క ముఖం చూసి, నా వైపు తిరిగాడు.

"తెనాలమ్మగారా అండీ? అయితే చోటు వెతకడమెందుకండీ. పాప పక్కన ఖాళీ ఉంది కదండీ."

ఏ పాప అన్నాను. ఆయన మమ్మల్ని గోడవారకి తీసుకెళ్ళాడు. పీటంత చిన్న సిమెంటు దిమ్మ. పేరు లేదు. సున్నం ఇంకా తెల్లగానే ఉంది. అమ్మగారు ఏటా సమాధుల పండక్కి వచ్చేవారండీ, సున్నం తనే కలుపుకుని తనే వేసుకునేవారు, కొవ్వొత్తి ఆరిందాకా కూర్చుని వెళ్ళేవారు అన్నాడు. పక్కన ఖాళీలో ఎవర్నీ పెట్టొద్దని ప్రతిసారీ చెప్పేవారట.

పరాయి మనిషితో చెప్పింది. నాతో చెప్పలేదు.

ఆ రోజు ఆసుపత్రి నుంచే బిడ్డని అక్కడికి తెచ్చి మట్టి చేశారట. లంకలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. బావకీ తెలుసు. నేను పసివాణ్ణి, నాకెవరూ చెప్పలేదు. ఏటా సమాధుల పండుగ రోజు అక్క రేపల్లె వెళ్ళేదని నాకు తెలుసు. బావ కోసం ఏవో పిండివంటలు పట్టుకెళుతుందని అనుకునేవాణ్ణి.

మధ్యాహ్నం దాటేసరికి పాప పక్కన అక్కని పెట్టేశాం. మా ఆవిడ ఆ సున్నం దిమ్మ మీద చెయ్యి వేసి చాలాసేపు ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. చేతుల్లో ఇంకా ఆ కడ్డీ తోస్తూనే ఉంది.

తర్వాత నేను ఊరుకోలేదు. మెకానికల్ చెప్పే ఒక మిత్రుణ్ణి తీసుకుని కొంగలంక వెళ్ళాను. చక్రం, ఇరుసు, దిమ్మ అన్నీ చూశాం. కొలిచాం, తిప్పించాం. ఏడుకొండలు మనుషులు ఇద్దరే తోసినా వంతెన తిరిగింది. ఆ రోజుకి ముందు గానీ తర్వాత గానీ అది అలా ఆగలేదు, దానంతటది కదలనూ లేదు. పాటు మొదలై నీటి వాలుకి తిరిగి ఉంటుందని మిత్రుడు కాసేపు వాదించాడు. మరి అంతకుముందు ట్రాక్టరు లాగితే ఎందుకు రాలేదంటే టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. కారణం దొరికి ఉంటే అందరికన్నా ముందు నాకే ప్రాణం కుదుటపడేది.

అదే రోజు వంతెన దాటి బావ దగ్గరికి వెళ్ళాను. బండ మళ్ళీ మూసేశారు. రాయి మీద అక్క పేరు అలాగే ఉంది, పక్కన తేదీ చోటు ఖాళీగా. పేరు చెరిపించడానికి నాకు చేతులు రావు, తేదీ చెక్కించడానికీ రావు. బావతో ఏదో చెప్పాలని వెళ్ళాను. అక్కడ నిలబడితే తిట్లు వచ్చాయి. నువ్వు ఆ రోజు వంతెన దగ్గర నోరెత్తలేదు, ఆవిడ బతుకంతా నోరెత్తలేదు, మధ్యలో మీ ఇద్దరికీ నేను దొరికానా అన్నాను. అని, కాసేపు ఆ బండ మీదే కూర్చుని వచ్చేశాను.

వంతెన ఎందుకు ఆగిందో నాకు తెలియదు. ఎందుకు కదిలిందో అంతకన్నా తెలియదు. రెండూ తెలియకుండానే చస్తానేమోనని ఒప్పుకుంటున్నాను. నా మంట దాని గురించి కాదు. అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే కంచం దగ్గర కూర్చున్నాం. నన్ను పాప దగ్గర పెట్టరా తమ్ముడూ అని ఒక్క ముక్క అంటే ఏం పోయేది?

ఈసారి సమాధుల పండక్కి రేపల్లె నేనే వెళ్ళాను. సున్నం ఎంత చిక్కగా కలపాలో నాకు తెలియలేదు. అది కూడా చెప్పలేదు ఆవిడ.